తొమ్మిది దేశాల సముద్రం, ఒకే పాఠం

ఈ వారం ఎపిసోడ్‌లో బాల్టిక్ సముద్రం సంగతి వచ్చాక ఒక అన్న వాయిస్ మెసేజ్ పెట్టాడు. "యూరప్‌లో ప్రొఫెసర్లు కలిసి పాఠాలు చెప్పుకుంటే, ఇక్కడ పైప్ ఫిట్టింగ్ చేసుకునే నాకేంటి?" అని. అడగాల్సిన ప్రశ్నే. ఆడియోలో గబగబా చెప్పేసింది ఇక్కడ నిదానంగా రాస్తున్నాం.

ముందు ఆ సముద్రం. ఒడ్డున తొమ్మిది దేశాలు. దాంట్లోకి నదులు పారే ప్రాంతమంతా లెక్కేస్తే 14 దేశాలు, సుమారు ఎనిమిదిన్నర కోట్ల జనం. సగటు లోతు దాదాపు 55 మీటర్లే. బయటి సముద్రంతో సంబంధం డెన్మార్క్ దగ్గరి ఇరుకు దారుల్లోంచే, అందుకే లోపలి నీరు మారడానికి 30 ఏళ్ళ దాకా పడుతుంది. పోలండ్ పొలాల్లో వేసిన ఎరువు విస్తులా నదిలో కొట్టుకొచ్చి కలుస్తుంది. నాచు విపరీతంగా పెరుగుతుంది, చచ్చి అడుగున కుళ్ళుతుంది, నీళ్ళలో ఆక్సిజన్ తినేస్తుంది. నష్టం స్వీడన్‌లో చేపలు పట్టేవాడికి కూడా. (ఒక్క పోలండే కాదు, అందరి వాటా ఉంది.)

మరి ఒక్కో దేశం తన తీరం గురించే పాఠం చెబితే పిల్లలకు సగమే తెలుస్తుంది కదా. పైగా కోల్డ్ వార్ రోజుల్లో సోవియట్ వైపు కాలుష్యం లెక్కలు చాలావరకు రహస్యం.

1991లో స్వీడన్‌లోని ఉప్సలా యూనివర్సిటీ 'బాల్టిక్ యూనివర్సిటీ ప్రోగ్రామ్' మొదలుపెట్టింది. పేరులో యూనివర్సిటీ ఉంది గానీ సొంత క్యాంపస్ లేదు. ఇది ఆ ప్రాంతం యూనివర్సిటీల నెట్‌వర్క్ అన్నమాట. పుస్తకాలు, వీడియోలు ఉమ్మడివి. క్లాసు మాత్రం ఎవరి ఊళ్ళో వాళ్ళ సారే చెప్తారు, పరీక్షా మార్కులూ ఆ కాలేజీవే. ఇంటర్నెట్ ఇంకా జనంలోకి రాలేదు కాబట్టి మొదట్లో శాటిలైట్ టీవీలో పాఠాలు పంపారు. నా లెక్కలో అసలు తెలివి ఇక్కడే ఉంది. పెద్ద ప్రొఫెసర్ ఒకాయన పైనుంచి అందరికీ చెప్పడం కాదు. స్థానిక సారుకు తన నది తెలుసు, పక్క దేశం సంగతి ఉమ్మడి పుస్తకంలో ఉంటుంది.

ఇప్పుడు గల్ఫ్‌కి రండి. ఈ సముద్రం ఇంకా లోతు తక్కువ, సగటున 35 మీటర్లు. దీనికీ హోర్ముజ్ అనే ఒకే ఇరుకు దారి. చుట్టూ ఎనిమిది దేశాలు. క్యాంపులో మీరు స్నానం చేసే నీళ్ళు చాలావరకు ఈ సముద్రపు నీళ్ళే, ఉప్పు తీసి పైపులో పంపినవి. అదే 1991లో యుద్ధంలో కువైట్ దగ్గర ఒలికిన చమురు సౌదీ తీరం వెంట దిగుతుంటే, జుబైల్‌లో డీశాలినేషన్ ప్లాంటును కాపాడుకోడానికి నీళ్ళ మీద తేలే అడ్డుకట్టలు వేశారు. 2008-09లో ఎర్ర నాచు ముంచుకొస్తే ఎమిరేట్స్‌లో కొన్ని ప్లాంట్లు ఆపాల్సి వచ్చింది. నాచుకు వీసా అక్కర్లేదు మరి. సముద్రాన్ని కాపాడుకుందామని ఈ ఎనిమిది దేశాలు 1978లోనే కువైట్‌లో ఒప్పందం చేసుకున్నాయి. ఒప్పందాన్ని మంత్రులు సంతకం చేస్తారు, దాన్ని నడిపే ఇంజనీర్లు కాలేజీల్లోంచి రావాలి. అందుకే ఉమ్మడి పాఠం ముఖ్యం అంటున్నాం.

ఇంకో ముక్క, ఇంటికి డబ్బు పంపి పిల్లల్ని చదివించే వాళ్ళకి. మన సుప్రీం కోర్టు కూడా 1991లోనే, ఎం.సి. మెహతా కేసులో, పర్యావరణం తప్పనిసరి సబ్జెక్టు కావాలంది. తర్వాత యూజీసీ డిగ్రీ పిల్లలందరికీ ఆరు నెలల సిలబస్ తయారుచేసింది. అందులో ఫీల్డ్ వర్క్ కూడా ఉంది. దగ్గర్లోని చెరువో, పాడైన చోటో చూసి రాయాలి. చాలామంది పరీక్షకు రెండు రోజుల ముందు గైడ్ కొని గట్టెక్కిస్తారని మనకు తెలిసిందే. ఈసారి ఫోన్ చేసినప్పుడు "ఫీల్డ్ వర్క్‌కి ఎక్కడికి తీసుకెళ్ళారురా?" అని అడిగి చూడండి. ఏం చెప్పారో మాకు వాయిస్ మెసేజ్ పెట్టండి, వచ్చే ఎపిసోడ్‌లో వినిపిస్తాం.