పెరట్లో వేడినీళ్ళ తొట్టి

అమెరికాలో ఉంటున్న బాబాయో, మేనత్తో పంపిన ఫోటోల్లో మీలో కొందరు ఈ దృశ్యం చూసే ఉంటారు. ఇంటి వెనక పెరడు. చుట్టూ మంచు. మధ్యలో ఆవిర్లు చిమ్ముతున్న పెద్ద తొట్టి. అందులో మెడదాకా మునిగి కూర్చుని నవ్వుతున్న మనుషులు. నీళ్ళేమో ఎసరు మరిగినట్టు కుతకుతలాడుతూ ఉంటాయి. "అమ్మో! ఒళ్ళు కాలదా?" అని అనుమానం వచ్చిందా?

కాలదు. ఆ నీళ్ళు మరగడం లేదు. వాటి ఉష్ణోగ్రత 38 డిగ్రీల సెంటిగ్రేడ్ దగ్గర ఉంటుంది. అంటే మన ఒంటి వేడికన్నా ఒక డిగ్రీ ఎక్కువ, అంతే. కుతకుతలాడేది గాలి. దీన్ని అక్కడివాళ్ళు హాట్ టబ్ అంటారు.

మన ఇళ్ళలో గాబు ఉంటుంది కదా, దానికీ దీనికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. మనం గాబులోంచి చెంబుతో నీళ్ళు ముంచి పోసుకుంటాం. పోసుకున్న నీళ్ళు కాలవలోకి పోతాయి. హాట్ టబ్బులో మనుషులే దిగి కూర్చుంటారు. నీళ్ళు ఎక్కడికీ పోవు. ఈ రోజు దిగిన నీళ్ళలోనే రేపూ దిగుతారు, వచ్చే నెలా దిగుతారు. ఈ ఒక్క తేడాను గుర్తు పెట్టుకోండి. తొట్టి ఉన్నవాళ్ళకు ఉండే పనంతా దీనివల్లే వచ్చింది.

బావి పంపు నుంచి పుట్టిన బుడగలు

1960 దశకంలో కాలిఫోర్నియాలో కొందరు ద్రాక్షసారా నిలవచేసే పాత చెక్క పీపాలను పెరట్లో పెట్టి, వేడినీళ్ళు నింపి కూర్చోవడం మొదలుపెట్టారు. తొట్టి అలా వచ్చింది. బుడగలు మాత్రం మరో దారిన వచ్చాయి.

ఇటలీ నుంచి కాలిఫోర్నియాకు వలసవెళ్ళిన జకూజీ సోదరులు బావుల్లోంచి నీళ్ళు తోడే జెట్ పంపులు తయారుచేసేవారు. వారిలో కాండీడో జకూజీ కొడుక్కి చిన్నతనంలోనే కీళ్ళవాతం వచ్చింది. ఆస్పత్రిలో సుడులు తిరిగే వేడినీళ్ళలో కూర్చోబెడితే ఆ పిల్లవాడికి కొంత ఉపశమనం కలిగేది. అదే వైద్యం ఇంట్లోనే చెయ్యగలిగితే? అలా పుట్టిందే స్నానపు తొట్టిలో పెట్టుకునే చిన్న పంపు. 1956లో అది అమ్మకానికి వచ్చింది. 1968లో అదే కుటుంబానికి చెందిన రాయ్ జకూజీ పంపునూ గొట్టాలనూ తొట్టి గోడలోనే అమర్చాడు.

ఆ బుడగలు ఎలా వస్తాయో మీకు తెలిసిన విషయమే. మీ ప్రయోగశాలలో బున్సెన్ బర్నర్ ఉంది కదా. సన్నని రంధ్రంలోంచి గ్యాసు వేగంగా దూసుకొస్తుంది. వేగం పెరిగినచోట పీడనం తగ్గుతుంది. పక్కనున్న రంధ్రంలోంచి గాలి తనంతట తానే లోపలికి వస్తుంది. హాట్ టబ్బులో గ్యాసు బదులు నీళ్ళు. పంపు నీటిని సన్నని మూతిలోంచి వేగంగా చిమ్ముతుంది. అక్కడ పీడనం తగ్గి, పైనున్న గొట్టంలోంచి గాలి దిగి నీటితో కలుస్తుంది. ఆ ధార వీపుకు తగిలితే ఒళ్ళు పట్టినట్టు హాయిగా ఉంటుంది.

వేడికి లెక్క కడదాం

నలుగురైదుగురు కూర్చునే తొట్టిలో సుమారు 1500 లీటర్ల నీళ్ళు పడతాయి. నీళ్ళు 20 డిగ్రీల దగ్గర ఉన్నాయనుకుందాం. వాటిని 38 డిగ్రీలకు తేవాలి. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడిచేయడానికి ఒక కిలోకాలరీ ఉష్ణం కావాలని మీరు చదువుకున్నారు. 1500ను 18తో గుణిస్తే 27,000 కిలోకాలరీలు. ఒక యూనిట్ కరెంటు 860 కిలోకాలరీలకు సమానం. భాగించి చూడండి. 31 యూనిట్ల పైచిలుకు! 4 కిలోవాట్ల హీటరు పెడితే దాదాపు ఎనిమిది గంటలు పడుతుంది. ఇది 20 లీటర్ల బకెట్లు 75 కాచినట్టు.

ఇంత కష్టపడి కాచిన వేడి ఎటు పోతుంది? కొంత తొట్టి గోడల్లోంచి పోతుంది. ఎక్కువ భాగం నీటి ఉపరితలం నుంచే పోతుంది. 38 డిగ్రీల దగ్గర ఒక లీటరు నీరు ఆవిరి కావాలంటే సుమారు 575 కిలోకాలరీల ఉష్ణం కావాలి. ఆ ఉష్ణాన్ని అది మిగిలిన నీటి నుంచే లాక్కుపోతుంది. మూడు లీటర్లు ఆవిరైతే చాలు, 1500 లీటర్ల నీళ్ళు ఒక డిగ్రీకి పైగా చల్లబడతాయి.

అందుకే హాట్ టబ్ కొన్నవాళ్ళు మొదట నేర్చుకునే పాఠం మూత వేయడం. ఆ మూత లోపల థర్మోకోల్ లాంటి పదార్థం మందంగా ఉంటుంది. అందులో చిక్కుకున్న గాలి ఉష్ణాన్ని పోనివ్వదు. మూత అంచుల్లో సందు లేకపోతే ఆవిరీ పోదు. బోర్లించినప్పుడు తాళం వేసే ఏర్పాటు కూడా ఉంటుంది. ఎవరూ చూడనప్పుడు చిన్నపిల్లలు అందులో పడిపోకుండా అది కాపాడుతుంది.

తేట నీళ్ళన్నీ శుభ్రమైన నీళ్ళేనా?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 25 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, ఒకటిన్నర మీటరు లోతు ఉన్న ఈతకొలను ఊహించుకోండి. అందులో 3,75,000 లీటర్ల నీళ్ళుంటాయి. 50 మంది ఈదుతున్నా మనిషికి 7,500 లీటర్లు వస్తాయి. మన తొట్టిలో ఐదుగురు కూర్చుంటే మనిషికి 300 లీటర్లే. అంటే ఒక్కొక్కరి ఒంటి చెమట, నూనె, మట్టి 25 రెట్లు తక్కువ నీటిలో కలుస్తున్నాయి. పైగా ఆ నీళ్ళు వెచ్చగా ఉన్నాయి. మనకు హాయినిచ్చే వెచ్చదనం సూక్ష్మజీవులకూ హాయే.

అలాంటి వాటిలో ఒకటి లెజియొనెల్లా. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మాజీ సైనికుల సంఘమైన అమెరికన్ లీజియన్ సమావేశానికి వచ్చినవారికి అంతుబట్టని న్యుమోనియా వచ్చింది. చాలామంది చనిపోయారు. దానికి కారణమైన బాక్టీరియాను మరుసటి సంవత్సరం గుర్తించారు. ఆ సంఘం పేరు మీదుగానే దానికి ఆ పేరు వచ్చింది. ఈ బాక్టీరియా గోరువెచ్చని నీటిలో పెరుగుతుంది. ఆ నీటిని తాగినందువల్ల సాధారణంగా జబ్బు రాదు. నీరు సన్నని తుంపరలుగా గాలిలోకి లేచి, ఆ గాలిని పీలిస్తే ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. మన తొట్టిలో బుడగలు పగిలినప్పుడల్లా లేచేవి అలాంటి తుంపరలే.

1999 ఫిబ్రవరిలో నెదర్లాండ్స్‌లోని బోవెన్‌కార్స్పెల్ అనే ఊళ్ళో పెద్ద పూల ప్రదర్శన జరిగింది. అక్కడ అమ్మకం కోసం బుడగల తొట్టిని నింపి, నడిపి చూపించారు. అందులో ఎవరూ స్నానం చేయలేదు. పక్కనుంచి నడిచి వెళ్ళారు, అంతే. అయినా సుమారు రెండువందల మంది జబ్బుపడ్డారు. దాదాపు ముప్ఫై మంది ప్రాణాలు పోయాయి. సూక్ష్మజీవులు కంటికి కనిపించవు కాబట్టి నీళ్ళు ఎంత తేటగా ఉన్నా వాటిని నమ్మడానికి వీల్లేదు.

క్లోరిన్ అనే కాపలాదారు

మరి తొట్టిలో దిగేవాళ్ళంతా జబ్బుపడడం లేదే! కారణం క్లోరిన్. పల్లెల్లో మంచినీళ్ళ బావిలో బ్లీచింగ్ పౌడరు కలపడం మీకు తెలుసు. ఆరోగ్య కార్యకర్తలు చిన్న గాజు గొట్టంలో ఆ నీళ్ళు పట్టి, ఆర్థోటాలిడిన్ చుక్కలు వేసి చూస్తారు. పసుపు రంగు వస్తే క్లోరిన్ ఇంకా మిగిలి ఉందన్నమాట. కుళాయి నీటిలో లీటరుకు 0.2 మిల్లీగ్రాములు మిగిలితే చాలు. హాట్ టబ్బులో కనీసం 3 మిల్లీగ్రాములు ఉండాలి. అంటే పదిహేను రెట్లు! నీళ్ళు వేడిగా ఉండడం వల్లా, చెమట కలవడం వల్లా క్లోరిన్ త్వరగా ఖర్చైపోతుంది. అందుకే రోజూ, దిగేముందు, రంగు మారే కాగితపు ముక్కను ముంచి పరీక్షించాలి. కొందరు క్లోరిన్ బదులు బ్రోమిన్ వాడతారు.

క్లోరిన్ ఉంటే సరిపోదు. పి.హెచ్. కూడా చూడాలి. క్లోరిన్ నీటిలో హైపోక్లోరస్ ఆమ్లంగా మారి సూక్ష్మజీవులను చంపుతుంది. పి.హెచ్. 7.5 దగ్గర అందులో సుమారు సగం మాత్రమే ఆ రూపంలో ఉంటుంది. మిగిలిన సగం హైపోక్లోరైట్ అయాను. దాని శక్తి చాలా తక్కువ. పి.హెచ్. 8కి చేరితే పనిచేసే భాగం నాలుగో వంతుకు పడిపోతుంది. క్లోరిన్ ఉన్నట్టే ఉంటుంది, పని మాత్రం జరగదు. అందుకే పి.హెచ్. 7.2, 7.8 మధ్య ఉండేలా చూస్తారు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. సోడాసీసా కుదిపితే ఏమవుతుంది? కార్బన్ డయాక్సైడు బయటికి పోతుంది. తొట్టిలోని బుడగలు చేసేదీ అదే. నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడు పోతే ఆమ్లగుణం తగ్గి పి.హెచ్. పెరుగుతుంది. అంటే ఎంతసేపు బుడగలతో ఆడుకుంటే కాపలాదారు అంత బలహీనపడతాడు. అప్పుడు కొద్దిగా ఆమ్ల లవణం కలిపి పి.హెచ్.ను మళ్ళీ దించాలి.

మరో తమాషా. నీళ్ళు ఘాటుగా వాసన కొడితే "క్లోరిన్ ఎక్కువైంది" అనుకుంటాం. తరచు నిజం దీనికి వ్యతిరేకం. చెమటలోని నత్రజని పదార్థాలతో క్లోరిన్ కలిస్తే క్లోరమీన్లు ఏర్పడతాయి. ఆ ఘాటు వాటిదే. స్వేచ్ఛగా ఉండి పనిచేసే క్లోరిన్ తగ్గిపోయిందని దాని అర్థం. అందుకే దిగేముందు సబ్బుతో స్నానం చేసి రమ్మంటారు. జపానువారు ఇళ్ళలో వేడినీళ్ళ తొట్టిని ఎప్పటినుంచో వాడుతున్నారు. వారు బయట ఒళ్ళు శుభ్రంగా కడుక్కున్నాకే తొట్టిలో దిగుతారు. క్లోరిన్ సంగతి తెలియని రోజుల్లోనే ఏర్పడిన మంచి అలవాటు అది.

ఎంతసేపు కూర్చోవచ్చు?

ఎండలో మన ఒంటిని చల్లబరిచేది చెమట. చెమట ఆవిరైతేనే ఒళ్ళు చల్లబడుతుంది. నీళ్ళలో మునిగినప్పుడు ఆవిరి కావడానికి దారేదీ? నీళ్ళు ఒంటికన్నా వేడిగా ఉంటే వేడి లోపలికి వస్తూనే ఉంటుంది. రక్తనాళాలు వెడల్పై రక్తపు పోటు తగ్గుతుంది. చటుక్కున లేస్తే తల తిరుగుతుంది. కాబట్టి 40 డిగ్రీలు దాటకూడదు. పదిహేను నిమిషాలకు మించి కూర్చోకపోవడం మంచిది. గుండెజబ్బు ఉన్నవాళ్ళూ, గర్భిణులూ డాక్టరును అడగకుండా దిగకూడదు. మద్యం తాగి అసలు దిగకూడదు. మత్తులో ఒళ్ళు వేడెక్కుతున్న సంగతి తెలియదు. చిన్నపిల్లల ఒళ్ళు పెద్దవాళ్ళకన్నా త్వరగా వేడెక్కుతుంది.

అడుగున ఉన్న జాలీని కూడా మరవకూడదు. పంపు నీటిని అక్కడినుంచే లాగుతుంది. 20 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న రంధ్రాన్ని ఎవరి ఒళ్ళైనా పూర్తిగా మూసేసిందనుకోండి. దాని వైశాల్యం 314 చదరపు సెంటీమీటర్లు. లోపలి పీడనం చదరపు సెంటీమీటరుకు 0.3 కిలోగ్రాములు తగ్గినా 94 కిలోల బరువు మీద పడినట్టే. 2002లో అమెరికాలో ఏడేళ్ళ పాప ఇలాగే తొట్టి అడుగున చిక్కుకుని చనిపోయింది. తల్లి లాగినా రాలేదు. ఒళ్ళు అతుక్కుపోకుండా కాపాడే జాలీ మూతలనే అమ్మాలని 2007లో ఆ దేశం చట్టం చేసింది. జాలీ పగిలిన తొట్టిలో దిగకూడదు. జుట్టు విరబోసుకుని మునగకూడదు.

నీళ్ళు ఎప్పుడు మార్చాలి?

వడపోత గొట్టాన్ని వారం వారం కడగాలి. గొట్టాల లోపల జిగట పొర పేరుకుంటుంది. దాని చాటున సూక్ష్మజీవులు క్లోరిన్‌కు దొరక్కుండా దాక్కుంటాయి. కనుక కొంతకాలానికి నీళ్ళన్నీ తీసేసి, తోమి, కొత్తవి నింపాల్సిందే. దీనికో సులువైన లెక్క ఉంది. తొట్టిలోని గాలన్లను 3తో భాగించి, రోజూ దిగేవారి సంఖ్యతో మళ్ళీ భాగించండి. 1500 లీటర్లంటే సుమారు 400 అమెరికన్ గాలన్లు. రోజూ ఇద్దరు దిగితే 66 రోజులు. నలుగురు దిగితే 33 రోజులే.

"మన ఇంట్లో అలాంటి తొట్టి లేదు కదా, మాకెందుకు?" అంటారేమో. మీ డాబా మీద నీళ్ళ ట్యాంకు ఉందా? ఎండాకాలం అందులో నీళ్ళు వెచ్చబడతాయి. క్లోరిన్ పోతుంది. గోడలకు జిగట పడుతుంది. అక్కడా ఇదే శాస్త్రం పనిచేస్తుంది. ఆ ట్యాంకును చివరిసారి ఎప్పుడు కడిగారో ఈ రోజే ఇంట్లో అడగండి.

చేసి చూడండి

ఒకే రకం స్టీలు గిన్నెలు రెండు తీసుకుని, రెండింటిలో సమానంగా వేడినీళ్ళు పోయండి. ఒకదానిమీద థర్మోకోల్ ముక్క కప్పండి. పది నిమిషాలకోసారి ఉష్ణోగ్రతలు రాసుకుని గ్రాఫు గీయండి. మూడో గిన్నెలో కూడా అంతే వేడినీళ్ళు పోసి, పైన కొద్దిగా మంచినూనె వేసి చూడండి. నూనె పొర అంత పల్చగా ఉన్నా ఆ నీళ్ళు మూతలేని గిన్నెలోని నీళ్ళకన్నా ఎక్కువసేపు వేడిగా ఉంటాయి. ఎందువల్లో ఆలోచించి మీ నోటుపుస్తకంలో రాయండి.