మంచు పడితే క్యారెట్ ఎందుకు తియ్యనవుతుంది?

అమెరికాలో చలి రాష్ట్రాల్లోని మనవాళ్ల పెరటి తోటల్లో, అక్టోబరులో ఒక్క రాత్రి గట్టిగా మంచు పట్టిందంటే చాలు, తెల్లారేసరికి గోంగూర, బెండ, సొర నల్లబడి వాలిపోతాయి. పక్క మడిలోని క్యారెట్, పాలకూర, కేల్ మాత్రం నిక్షేపంగా ఉంటాయి. పైగా రుచి పెరుగుతుంది! ఎలా?

నీళ్లు 0 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకడతాయి. మొక్కలో అలా జరిగితే మంచు పలుకులు కణాల పొరలను చీల్చేస్తాయి. చలికి అలవాటుపడ్డ మొక్కలు ముందే జాగ్రత్తపడతాయి: దాచుకున్న పిండిపదార్థంలో కొంత చక్కెరగా మార్చుకుంటాయి. చక్కెర కలిసిన నీరు ఇంకాస్త చలి పడితేగానీ గడ్డకట్టదు. మొక్క ప్రాణం కాపాడుకోవడానికి చేసుకున్న ఏర్పాటు మన నాలుకకి పండగ అన్నమాట!

అందుకే, మంచు పడేలోపు మొక్కలు ఎదిగి ఉండేలా ఈ కూరల విత్తనాలు ఎండాకాలం చివర్లోనే వేస్తారు. పగళ్లు చిన్నవైతే మొక్క ఎదగడం మందగిస్తుంది మరి.

ఇక కోత. పొద్దున్నే బిర్రబిగిసిన కేల్ ఆకును ముట్టుకోకండి, పుటుక్కున విరుగుతుంది. ఎండ తగిలి ఆకు మళ్లీ మామూలుగా ఊగేదాకా ఆగండి. క్యారెట్లకు తొందరే లేదు. పైన ఎండుగడ్డి మందంగా పరిస్తే మట్టి త్వరగా గడ్డకట్టదు, కావలసినప్పుడు తవ్వుకోవచ్చు. జుట్టు పట్టి లాగితే మాత్రం ఆకులే చేతికొస్తాయి. ముందు చుట్టూ మట్టి గుల్ల చేయండి.