గేటు లేని యూనివర్సిటీ

కిందటి అక్టోబరులో మా అక్క కూతురు హైడెల్‌బెర్గ్‌లో ఎమ్మెస్సీ చదవడానికి వచ్చింది. మేముండేది మాన్‌హైమ్‌లో. రైలెక్కితే ఇరవై నిమిషాల్లో హైడెల్‌బెర్గ్. దాన్ని హాస్టల్లో దింపి, మర్నాడు ఊరు చూపిద్దామని పాతబస్తీకి తీసుకెళ్లాను. బట్టల కొట్లు, ఐస్‌క్రీం బళ్ల మధ్య కిలోమీటరు దూరం నడిచాక, "ఇదే మీ యూనివర్సిటీ" అన్నాను.

అది అటూ ఇటూ చూసి, "గేటెక్కడ పిన్నీ?" అంది.

నవ్వొచ్చింది గానీ దాని తప్పేం లేదు. ఉస్మానియా అంటే మనకి ఆర్ట్స్ కాలేజీ, దాని ముందున్న విశాలమైన ఆవరణ గుర్తొస్తాయి. ఇక్కడ అలాంటిదేమీ లేదు. రొట్టెల కొట్టు పక్కనే ఒక డిపార్ట్‌మెంటు, చర్చి వెనకాల లైబ్రరీ. ఊరూ, చదువూ ఆరువందల ఏళ్లుగా ఒకే ఇంట్లో కాపురం ఉంటున్నాయి. నేటి జర్మనీలో ఉన్న విశ్వవిద్యాలయాల్లో ఇదే అతి పాతది. 1386లో మొదలైంది. కానీ ఇప్పుడు మనం చూసే భవనాల్లో అంత పాతవి తక్కువే. 1693లో ఫ్రెంచి సేనలు ఊరంతా తగలబెట్టాయి. పాత పునాదుల మీదే మళ్లీ కట్టుకున్న ఊరిది.

పుస్తకాల కథా అలాంటిదే. ముప్పై ఏళ్ల యుద్ధంలో 1622లో ఊరు శత్రువుల చేతికి చిక్కితే, ఇక్కడి ప్రసిద్ధ గ్రంథాలయాన్ని పోప్‌కి కానుకగా ఇచ్చేశారు. వేల రాతప్రతులు కంచరగాడిదల మీద ఆల్ప్స్ కొండలు దాటి రోమ్ చేరాయి. దాదాపు రెండువందల ఏళ్ల తర్వాత, 1816లో, జర్మన్ భాషలో ఉన్న 847 ప్రతులు మాత్రం వెనక్కొచ్చాయి. లాటిన్, గ్రీకు ప్రతులు చాలావరకు ఇంకా వాటికన్‌లోనే ఉన్నాయి.

పాత యూనివర్సిటీ భవనం వెనక సందులో విద్యార్థుల జైలు ఉంది. నిజంగా జైలే. విద్యార్థుల తప్పులకు శిక్ష వేసే అధికారం అప్పట్లో యూనివర్సిటీదే. అర్ధరాత్రి తాగి అల్లరి చేసినా, అధికారిని తిట్టినా కొన్నాళ్లు ఇక్కడ ఉండాలి. క్లాసులకు మాత్రం వెళ్లి రావచ్చు. 1778 నుంచి 1914 దాకా నడిచింది. గోడలు, పైకప్పు నిండా పేర్లు, టోపీలు పెట్టుకున్న కుర్రాళ్ల నీడబొమ్మలు. ఒక్కసారైనా ఇక్కడ పడుకోకపోతే నామోషీ అనుకునేవారట. మా పిల్ల పడీపడీ నవ్వింది. "మా హాస్టల్ వార్డెన్‌కి ఈ ఐడియా రాలేదు, బతికిపోయాం" అంది.

అక్కణ్ణించి బయటికొస్తే యూనివర్సిటీ చౌకు. మధ్యలో సింహం బొమ్మతో ఫౌంటెను. ఒక పక్క పాత భవనం, ఇంకో పక్క కొత్త భవనం. కొత్తదంటే 1931 నాటిది. అమెరికా రాయబారిగా జర్మనీలో పనిచేసిన షుర్మన్ కుర్రతనంలో ఇక్కడ చదువుకున్నాడు. ఆ అభిమానంతో అమెరికాలో తిరిగి చందాలు పోగుచేస్తే కట్టిన భవనం. దాతల్లో యూదులూ ఉన్నారు. తలుపు మీద మూడు మాటలు చెక్కారు: "డెమ్ లెబెండిగెన్ గైస్ట్".

ఈ "గైస్ట్" అనే మాటను తెలుగులోకి తేవడం కష్టం. ఆత్మ, బుద్ధి, చైతన్యం, అన్నీ అదే. "డెమ్" అన్నది మన "కు" ప్రత్యయం లాంటిది. "సజీవ చైతన్యానికి" అనుకోవచ్చు. పుస్తకం మొదటి పేజీలో అంకితం రాసినట్టు ఆ భవనాన్ని అంకితమిచ్చారన్నమాట. ఆ మాటలు ఇచ్చింది ఇక్కడి సాహిత్యాచార్యుడు ఫ్రీడ్రిష్ గుండోల్ఫ్. ఆయన యూదుడు. భవనం లేచిన ఏడాదే కన్నుమూశాడు.

అప్పుడు మా పిల్లని అడిగాను: "బీటెక్ సివిల్‌లో మీరు గంబెల్ పద్ధతి చదివారు కదూ?"

"ఆఁ, వరద లెక్కలకి. నూరేళ్లకోసారి వచ్చే వరద ఎంతుంటుందో అంచనా కట్టడానికి."

"ఆయన ఇక్కడే పాఠాలు చెప్పాడు. పేరు గుంబెల్ అనాలి. గంబెల్ కాదు."

ఎమిల్ గుంబెల్ గణాంకశాస్త్రవేత్త, యూదుడు, యుద్ధ వ్యతిరేకి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీలో జరిగిన రాజకీయ హత్యల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టి, మితవాద హంతకుల్ని కోర్టులు ఎంత తేలిగ్గా వదిలేస్తున్నాయో అంకెలతో సహా అచ్చువేశాడు. అది ఆయన చేసిన నేరం. అల్లర్లు చేసింది విద్యార్థులే. 1932లో ఒక సమావేశంలో, యుద్ధానికి స్మారకం అంటే పలచటి చీరలో కన్య బొమ్మ కాదు, ఆకలి రోజుల్లో జనం తిన్న దుంప బొమ్మ పెట్టాలి అన్నాడు. దాంతో ఆయన పాఠాలు చెప్పే అర్హత ఊడింది. అందుకు ఊఁ అన్నవాళ్లలో సాటి ప్రొఫెసర్లున్నారు. అప్పటికి హిట్లర్ ఇంకా గద్దె ఎక్కలేదు!

మరుసటి ఏడాది మే 17న మేం నిలబడ్డ ఆ చౌకులోనే పుస్తకాలు కుప్పపోసి తగలబెట్టారు. 1693లో నిప్పు పెట్టినవాడు పరాయి సైనికుడు. ఈసారి ఇక్కడి విద్యార్థులే. ఆ వేసవిలోనే గుంబెల్ జర్మన్ పౌరసత్వం రద్దయింది. ప్రచార మంత్రి గోబెల్స్ కూడా 1920ల మొదట్లో ఇక్కడ డాక్టరేటు పుచ్చుకున్నవాడే. గుండోల్ఫ్ దగ్గర పరిశోధన చేద్దామని వెళితే, ఆయన తన సహోద్యోగి దగ్గరికి పంపాడు. ఆ సహోద్యోగిదీ యూదు వంశమే. తర్వాత తలుపు మీద ఒక మాట మారింది. "సజీవ" పోయి "జర్మన్" వచ్చింది. తలుపు పైన ఎథీనా దేవత స్థానంలో గద్ద కూర్చుంది.

యుద్ధం ముగిశాక పాత మాటలూ, ఎథీనా తిరిగొచ్చారు. భార్య యూదురాలని 1937లో ఉద్యోగం పోగొట్టుకున్న తత్వవేత్త కార్ల్ యాస్పర్స్ మళ్లీ క్లాసుకొచ్చి, 1945-46 చలికాలంలో జర్మన్ల అపరాధం గురించి ఉపన్యాసాలు ఇచ్చాడు. వింటున్నవాళ్లలో యుద్ధం నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్లూ ఉన్నారు. వాళ్లకా పాఠం ఎలా వినిపించి ఉంటుందో అని అనుకుంటూ ఉంటాను.

ఈ చౌకు మీదుగా నేను ఎన్నిసార్లు నడిచానో లెక్కలేదు. పుస్తకాల దహనం గుర్తుగా నేలలో పొదిగిన ఫలకాన్ని ఐదారేళ్లు చూడనేలేదు. సైకిళ్లు, సంచులు, కాఫీ కప్పులు దాని మీదుగా వెళ్తూనే ఉంటాయి. మా పిల్ల కాసేపు అక్కడే నిలబడింది. ఎవరో సైకిలు గంట కొడితే పక్కకి జరిగింది.

"చదువుకున్నవాళ్లే చేశారా పిన్నీ?" అంది. అవునన్నాను. అంతకంటే ఏం చెప్పాలో తోచలేదు.

దాని క్లాసులు పాతబస్తీలో కాదు, నెకర్ నది అవతల, సైన్సు విభాగాలుండే కొత్త ప్రాంతంలో. నవంబరులో ఒక సాయంత్రం ఫోన్ చేసింది.

"ఇవాళ క్లాసులో గుంబెల్ వచ్చాడు పిన్నీ. లెక్క అయిపోయాక పక్కన కూర్చున్న అమ్మాయికి దుంప సంగతి చెప్పాను. జర్మన్ పిల్లే, దానికీ తెలీదట. శనివారం ఇద్దరం చౌకు దగ్గరికి వెళ్తున్నాం."