అర్ధరాత్రి వీధి దీపం ఆర్పితే ఎవరికి నష్టం?

పంచాయతీలో డబ్బుకు కటకట వచ్చిందనగానే పెద్దల కన్ను ముందుగా వీధి దీపం మీద పడుతుంది. "అర్ధరాత్రి దాటినాక వీధుల్లో తిరిగేదెవరు? పన్నెండు నుంచి నాలుగు దాకా ఆర్పేస్తే బిల్లు తగ్గుతుంది గదా" అంటారు. దానికి ఎదురుగా ఇంకొకరు లేచి, "దీపం ఆరితే ఊళ్లో దొంగలు పడతారు" అంటారు. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు ప్రాంతాల్లో కూలీలతో కూర్చున్నప్పుడు మేం ఈ రెండు వాదాలూ వింటూ వచ్చాం. రెండు వాదాలూ నడిచేది ఎక్కువగా ఊరి నడిబొడ్డున, సిమెంటు రోడ్డు మీద, ఇళ్లకు తాళాలూ గేట్లూ వున్న వాళ్ల మధ్య. దళితవాడ చివర, గిరిజన కాలనీలో, పట్టపుపాలెంలో వుండే వాళ్లను ఎవరూ అడగరు. అందుకే ఈ విషయాన్ని కష్టజీవుల వైపు నుంచి ఒకసారి తరచి చూడాల్సి వుంది.

ఇతర దేశాల్లో తేలిందేమిటి?

ముందు ఒక నిజం ఒప్పుకోవాలి. దీపం ఆర్పగానే దొంగతనాలు పెరుగుతాయనే మాటకు అన్నిచోట్లా రుజువు లేదు. ఇంగ్లండు, వేల్సు దేశాల్లో ఖర్చు తగ్గించుకోవటానికి చాలా స్థానిక సంస్థలు అర్ధరాత్రి దాటినాక వీధి దీపాలు ఆర్పటమో, వెలుగు తగ్గించటమో చేశాయి. అలాంటి 62 స్థానిక సంస్థల లెక్కలు తీసి లండన్ పరిశోధకులు 2015లో ఒక నివేదిక ప్రకటించారు. నేరాలు గాని, రోడ్డు ప్రమాదాలు గాని దానివల్ల పెరిగినట్టు ఆధారం దొరకలేదన్నారు. అదే దేశంలో థేమ్స్ లోయ ప్రాంతాన్ని చూసిన మరో పరిశోధనలో, దీపాలార్పిన వీధుల్లో కార్లలోని సామాను దొంగతనాలు తగ్గాయి. అయితే ఆ దొంగలు పక్కనే దీపాలున్న వీధులకు మళ్లి వుండవచ్చని కూడా తేలింది. దొంగకైనా పని చేసుకోవటానికి కాస్త వెలుగు కావాలి మరి!

ఇక రెండో వైపు చూడండి. అమెరికాలోని న్యూయార్కు నగరంలో 2016లో పేదలుండే ప్రభుత్వ గృహ సముదాయాల్లో కొన్నిటిని చీటీ తీసినట్టు ఎంచి, అక్కడ పెద్ద దీపాలు పెట్టారు. రాత్రిపూట ఆరుబయట జరిగే తీవ్రమైన నేరాలు అక్కడ మూడో వంతుకు పైగా తగ్గినట్టు లెక్క తేలింది.

ఒకచోట దీపాలార్పినా నేరం పెరగలేదు. ఇంకోచోట దీపం పెడితే తగ్గింది. ఇదేం తిరకాసు అనుకోవద్దు. ఇంగ్లండులో ఆర్పింది జనం నిద్రపోయే వేళ. అక్కడి ఇళ్లలో మరుగుదొడ్డి లోపలే వుంటుంది, రోడ్డెక్కిన మనిషికి కారు దీపాలుంటాయి. న్యూయార్కులో దీపం పెట్టింది పేదలు కిక్కిరిసి బతికే చోట, జనం బయట మసిలే చోట. 1939లో యుద్ధం వచ్చి అదే ఇంగ్లండులో సాయంత్రం నుంచే దీపాలన్నీ ఆర్పించినప్పుడు మొదటి నెలలోనే రోడ్డు మీద చనిపోయిన వాళ్ల సంఖ్య దాదాపు రెట్టింపయింది. ఏ వీధిలో, ఏ వేళలో, ఎవరు తిరిగేటప్పుడు ఆర్పుతున్నారన్నదే అసలు సంగతి.

కూలి గడియారం వేరు

మన కూలి జనం గడియారం ఊరి పెద్దల గడియారం కాదు. ఎడగారు నాట్లప్పుడు, కోతలప్పుడు ఆడకూలీలు తెల్లారగట్ల మూడున్నరకే లేచి అన్నం వండి, పిల్లలకు పెట్టి, నాలుగున్నరకల్లా ఆటో కోసం రోడ్డు మీదికి రావాలి. రొయ్యల గుంటల్లో పట్టుబడి వుందంటే అర్ధరాత్రే ముఠా బయల్దేరాలి. పట్టపుపాలెంలో గాలి, పోటు చూసుకుని ఏ రెండింటికో మూడింటికో పడవ దించుతారు. ఒక సభలో ఒక పెద్దామె సర్పంచినే నిలదీసింది: "పెసిడెంటయ్యా, మీరు ఆర్పేది పన్నెండుకి. మేం లేచేది మూడున్నరకి. నాలుగుకి దీపం వెలిగేసరికి మేం సగం పని చేసుకోనుంటాం. ఇంక ఆ దీపం ఎవురికి నాయనా?" సభలో ఎవరూ జవాబు చెప్పలేదు.

దేశం మొత్తం మీద జరిగే రోడ్డు ప్రమాదాల్లో సుమారు ఐదో వంతు సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది లోపలే జరుగుతున్నాయని కేంద్రప్రభుత్వ వార్షిక నివేదికలు చెబుతున్నాయి. కూలీలు దిగి ఇళ్లకు నడిచే వేళ అది. కావలి నుంచి నెల్లూరు మీదుగా పోయే జాతీయ రహదారి పక్కన ఆటో దిగి, చీకట్లో రోడ్డు దాటి, డొంకదారిన వాడకు చేరే ఆడవాళ్లకు ఆ మలుపులో ఒక్క దీపం వుందా లేదా అన్నది ప్రాణంతో పని. అర్ధరాత్రి ఆర్పాలా వద్దా అనే చర్చ కంటే ముందు, సందెవేళ ఆ మలుపులో దీపం ఎందుకు లేదన్న చర్చ రావాలి.

దొంగ కంటే పాము దగ్గర

క్షేమం అనగానే అందరూ దొంగల సంగతే మాట్లాడతారు. కాలనీలో వుండే యానాది ఇంట్లో దొంగ ఎత్తుకుపోయేదేముంది? అతనికి రాత్రి భయం పాము. 2020లో వెలువడిన పరిశోధన ప్రకారం 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారు. అంటే ఏడాదికి సగటున 58 వేలు. అందులో ఎక్కువమంది పల్లె జనం. చావుల్లో సగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే. ఎక్కువగా చనిపోతున్న ఎనిమిది రాష్ట్రాల్లో మనదీ ఒకటి. వరి మడి, కాలవ గట్టు, గడ్డివామి, రొయ్యల గుంట గట్టు, ఇవే పాముల చోట్లు, ఇవే మన కూలీల చోట్లు. కట్లపాము తిరిగేదే రాత్రిపూట. కాటు పడితే కోయటం, గట్టిగా తాడు కట్టటం, మంత్రమని కాలయాపన చేయటం మాని, కాలు కదల్చకుండా వెంటనే విషానికి విరుగుడు ఇంజెక్షన్ వున్న ఆసుపత్రికి తీసుకుపోవాలి. అసలు కాటే పడకుండా వుండాలంటే అడుగు వేసే చోటు కనపడాలి గదా!

ఆడవాళ్ల సంగతి మరీ ఘోరం. మరుగుదొడ్డి లేని, వున్నా నీళ్లు లేక మూలపడ్డ కాలనీల్లో ఆడవాళ్లు చీకటి పడేదాకా ఓర్చుకుని కాలవ గట్టుకు పోవాల్సిందే. దేశవ్యాప్త కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల మీద 2016లో చేసిన పరిశీలనలో, బయటికి పోయే ఆడవాళ్లకు ఇంట్లో మరుగుదొడ్డి వున్నవాళ్ల కంటే పరాయివాళ్ల చేతిలో లైంగిక దాడి ప్రమాదం సుమారు రెట్టింపని తేలింది. ఇక్కడ దీపం ఒక్కటే చాలదు. కాలవ గట్టున పెద్ద దీపం పెడితే ఆమె ఇంకా దూరం చీకట్లోకి పోవాల్సి వస్తుంది. అక్కడ కావాల్సింది నీళ్లున్న మరుగుదొడ్డి, దాని దాకా వెలుగు.

చీకటి నేరం ఎవరి నెత్తిన వేశారు?

రాత్రి, నేరం అనే రెండు మాటలు కలిపినప్పుడు మన జిల్లాలో ఒక పాత గాయం వుంది. 1871లో తెల్లదొరలు నేరస్త జాతుల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానిలో, అంటే నెల్లూరులో కూడా వచ్చిపడింది. పుట్టిన కులాన్ని బట్టే మనిషిని దొంగ అన్నారు. పోలీసుల ముందు హాజరు చెప్పాలన్నారు, చెప్పకుండా ఊరు దాటితే అదే నేరమన్నారు. కావలిలోనూ, బిట్రగుంట దగ్గర కప్పరాళ్లతిప్పలోనూ సెటిల్‌మెంట్లు పెట్టి ఎరుకలవాళ్లు మొదలైన వాళ్లను కుటుంబాలతో వుంచారు. 1952లో ఆ చట్టం పోయింది గాని ఆ చూపు పోలేదు. ఊళ్లో రాత్రి మోటారు పోతే ముందు కాలనీలోకే వస్తారు. తమాషా ఏమంటే, రొయ్యల గుంటల మీద రాత్రంతా కాపలా వుండేది కూడా ఎక్కువగా ఆ యానాదులే! దొంగ అని అనుమానించేదీ వాళ్లనే, దొంగ రాకుండా కాపలా పెట్టేదీ వాళ్లనే. గుంట మీద దీపం తెల్లారే దాకా వెలుగుతుంది. ఆ కాపలావాడి పెళ్లాం పిల్లలు పడుకునే కాలనీలో స్తంభం వుంటే బల్బు వుండదు, బల్బు వుంటే వైరు వుండదు.

కనుక దొంగల భయం పేరుతో దీపాలు కావాలని అడిగేటప్పుడు మనం జాగ్రత్తగా మాట్లాడాలి. కాలనీ మీద నిఘా కోసం కాదు మనం దీపం అడిగేది. కాలనీ వాళ్లు నడవటానికి.

వెలుగు ఒక్కటే కాపలా కాదు

పేదల మీద జరిగిన పెద్ద నేరాలకు చీకటి అక్కర్లేకపోయింది. 1985 జులై 17న కారంచేడులో దళితుల మీద దాడి జరిగింది పట్టపగలు. ఆరుగురు బలయ్యారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపిందీ పగలే, పోలీసులు ఊళ్లో వుండగానే. సూర్యుడి కంటే పెద్ద దీపం ఏ పంచాయతీ పెట్టగలదు? పెత్తందారీ బలం ముందు ఒంటరిగా నిలబడ్డ మనిషికి ఏ వెలుగూ రక్ష కాదు. పేదలు కూడివుంటేనే రక్ష.

దానికి మన జిల్లాలోనే సాక్ష్యం వుంది. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షర దీపం పేరుతో చదువు ఉద్యమం నడిచింది. పగలంతా పొలంలో ఒళ్లు వంచిన ఆడవాళ్లు రాత్రి బడికి వచ్చి పలక పట్టారు. నలుగురు ఒకచోట కూడితే మాట బయటికి వస్తుంది. తాగొచ్చి కొట్టే మొగుళ్ల సంగతి, కూలి డబ్బులు మింగే సారా సంగతి ఆ రాత్రి బడుల్లోనే చర్చకొచ్చాయి. దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, ఆమె తోటి ఆడవాళ్లు సారా అంగడి మూయించారు. ఊరూరా అది పాకి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. వీధిలో తాగుబోతు భయం తగ్గించింది ఏ స్తంభమూ కాదు, కలిసి కూర్చున్న ఆడవాళ్లు. అయితే రాత్రిపూట కలిసి కూర్చోవాలంటే కాసింత వెలుగు కావాలి. దీపం విలువ అక్కడ వుంది.

కరెంటు లెక్క చూద్దాం

"ఇవన్నీ సరే, బిల్లెవరు కడతారు?" అంటారు. లెక్కే చూద్దాం. ఊళ్లో ఇరవై వాట్ల ఎల్ఈడీ దీపాలు వంద వున్నాయనుకోండి. పన్నెండు నుంచి నాలుగు దాకా ఆర్పితే రాత్రికి మిగిలేది ఎనిమిది యూనిట్లు. అవే దీపాలు పొద్దున ఆర్పే దిక్కు లేక ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా ఎండలో వెలిగితే దండగయ్యేది 24 యూనిట్లు. పట్టపగలు వెలిగే వీధి దీపాన్ని చూడనివాళ్లు మన పల్లెల్లో ఎవరున్నారు? పగటి దండగను ఆపితే, అర్ధరాత్రి ఆర్పి మిగుల్చుకునే దానికి మూడింతలు మిగులుతుంది. దానికి కావాల్సింది ఒక స్విచ్చి, దాన్ని వేసి తీసే మనిషికి నెలనెలా కాస్త జీతం.

పైగా వీధుల్లో దీపాలు పెట్టటం దయాధర్మం కాదు. 1994 పంచాయతీరాజ్ చట్టం దాన్ని పంచాయతీ విధిగా చెప్పింది. 2017లో పల్లె వీధుల్లో పాత దీపాలు తీసి పది లక్షల ఎల్ఈడీలు పెట్టే పథకం ఏడు జిల్లాలకు వచ్చింది, అందులో నెల్లూరు ఒకటి. 2021లో పంచాయతీలకు వచ్చిన ఆర్థికసంఘం నిధుల్ని పాత కరెంటు బకాయిల కింద మళ్లించుకుంటే సర్పంచులే రోడ్డెక్కారు. 2019లో రొయ్యల సాగుకు కరెంటును యూనిట్ రూపాయిన్నరకు తగ్గించారు. చిన్న రైతుకు ఆ రాయితీ మేం కాదనం. రొయ్యకు ఇవ్వగలిగినది మనిషి నడిచే దారికి ఎందుకు ఇవ్వలేరని మాత్రం అడుగుతున్నాం. ముత్తుకూరు మండలం నేలటూరులో 2015లో రెండు యూనిట్లు, 2022లో మూడోది కలిపి 2,400 మెగావాట్ల విద్యుత్ కేంద్రం వుంది. దానికి పెట్టిన పేరు రాష్ట్రానికి తొలి దళిత ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్యది. బొగ్గు బూడిద మనదీ, వెలుగు పరాయిదీ అయితే ఎట్లా?

ఆర్పాల్సిన దీపాలు లేవని మేం అనటం లేదు. సముద్రం ఒడ్డున జనవరి నుంచి తాబేళ్లు గుడ్లు పెడతాయి. పిల్లలు వెలుగు ఎటుంటే అటు పాకుతాయి. ఇసుక వైపు కొట్టే దీపాలకు మూత కట్టి, వెలుగు దారి మీదికి దించితే తాబేలుకూ మేలే, పాలేనికీ మేలే. ఎవరూ నడవని చోట, ఖాళీ ఆఫీసు ఆవరణలో రాత్రంతా వెలిగే వాటిని నిరభ్యంతరంగా ఆర్పవచ్చు.

గ్రామసభలో అడగండి

ప్రతి ఊళ్లో కూలి సంఘం ముందుగా ఒక పని చేయాలి. ఒక అమావాస్య రాత్రి ఏడింటికి, మళ్లీ తెల్లారగట్ల నాలుగింటికి పదిమంది కలిసి వాడలన్నీ నడవండి. ఆడవాళ్లు తప్పకుండా వుండాలి. ఏ స్తంభం వెలుగుతోంది, ఏది లేదు, ఏ మలుపు చీకటి, ఏ కాలనీకి స్తంభమే లేదు, ఏవి పగలు కూడా వెలుగుతున్నాయి అని కాగితం మీద రాయండి. పాముకాటు పడ్డ చోట్లు, ఆటో గుద్దిన చోట్లు గుర్తు పెట్టండి. ఆ కాగితంతో గ్రామసభకు పోయి ఇవి అడగండి:

దళితవాడ, గిరిజన కాలనీ, పట్టపుపాలెం దారులకు ముందు దీపాలు, ఆ తర్వాతే మిగతా చోట్ల.

పగలు వెలిగే దీపాలు ఆపకుండా రాత్రి దీపాలు ఆర్పే తీర్మానం చేయరాదు.

ఏ దీపమైనా ఆర్పే ముందు ఆ వీధిలో వుండే వాళ్లను, ముఖ్యంగా ఆడవాళ్లను అడగాలి. సాగు రోజుల్లో మూడు తర్వాత ఆర్పరాదు.

కాలిన దీపం వారంలో మార్చాలి. మార్చే బాధ్యత ఎవరిదో పంచాయతీ గోడ మీద రాసి పెట్టాలి.

కాలనీ మరుగుదొడ్లకు నీళ్లు, ఆరోగ్య కేంద్రంలో పాముకాటు మందు ఎప్పుడూ వుండాలి.

వీధి దీపం చిన్న సమస్య అని తీసిపారేయొద్దు. ఊళ్లో ఎవరి దారి దారి కిందికి వస్తుంది, ఎవరి ప్రాణం ప్రాణం కిందికి వస్తుంది అన్నది ఆ స్తంభం దగ్గరే తేలిపోతుంది. వచ్చే గ్రామసభకు కాగితాలు సిద్ధం చేసుకుని పదండి.