ఒక ఎత్తు, రెండు దాడులు: గుర్రం ఫోర్క్ వెనుక లెక్క

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచే రైలు ఉద్యోగాలకు వచ్చిన తెలుగు కుటుంబాలు ఎన్నో స్థిరపడ్డాయి. హౌరా నుంచి వచ్చే మార్గం ఈ జంక్షన్‌లో చీలి, ఒకటి టాటానగర్ మీదుగా ముంబయి వైపు, మరొకటి బాలేశ్వర్ మీదుగా చెన్నై వైపు సాగుతుంది. దారులు రెండున్నా, ఒక రైలు పట్టేది ఒక్క దారినే. చదరంగంలో ‘ఫోర్క్’ బలం కూడా ఇలాంటి పరిమితిలోనే ఉంది. ఒక పావు ఒకేసారి రెండు పావులపై దాడి చేసినప్పుడు, ప్రత్యర్థికి ఉండేది ఒక్క ఎత్తే. ఒకదాన్ని కాపాడుకుంటే రెండోది పోతుంది.

గుర్రానికే ఎందుకంత పేరు?

ఫోర్క్‌ను బంటు నుంచి మంత్రి వరకు ఏ పావుతోనైనా వేయవచ్చు. అయితే గుర్రం మధ్యలోని పావుల మీదుగా దూకుతుంది కాబట్టి, దాని చెక్‌కు మరో పావును అడ్డం పెట్టడం కుదరదు. పైగా అది మంత్రి, ఏనుగు, శకటులపై దాడి చేసినా, అవి తిరిగి దాన్ని కొట్టలేవు. బోర్డు మూలలో ఉన్న గుర్రానికి 2 గడులే అందుతాయి. మధ్యలో ఉంటే 8 అందుతాయి. గుర్రాన్ని మధ్యకు తెమ్మని శిక్షకులు చెప్పేది అందుకే.

రంగు చెప్పే రహస్యం

గుర్రం ప్రతి ఎత్తులోనూ గడి రంగు మారుస్తుంది. తెల్ల గడిలో ఉంటే నల్ల గడికి దూకుతుంది. అక్కడి నుంచి దాడి చేసేది మళ్లీ తెల్ల గడులపైనే. అంటే తర్వాతి ఎత్తులోనే ఫోర్క్ పడాలంటే గుర్రం, దాని రెండు లక్ష్యాలు ఇప్పుడు ఒకే రంగు గడుల్లో ఉండాలి. ఈ ఒక్క పరీక్షతో వెతకాల్సిన పని చాలా తగ్గుతుంది.

ఉదాహరణకు తెల్ల గుర్రం బి5లో, నల్ల రాజు ఇ8లో, నల్ల ఏనుగు ఎ8లో ఉన్నాయనుకుందాం. మూడూ తెల్ల గడులే. గుర్రం సి7కు దూకితే రాజుకు చెక్, ఏనుగుపై దాడి. రాజు తప్పుకోగానే ఏనుగు పోతుంది. సాధారణ లెక్కలో గుర్రం విలువ 3, ఏనుగుది 5. తర్వాత గుర్రం పోయినా లాభమే. అయితే నల్ల మంత్రి ఇంకా డి8లోనే ఉంటే సి7లోని గుర్రాన్ని కొట్టేస్తుంది. కాబట్టి రంగు కలిస్తే సరిపోదు, దూకే గడి సురక్షితమా అన్నదీ చూడాలి.

1966లో మాస్కోలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ పదో గేమ్‌లో టిగ్రాన్ పెట్రోసియన్ తన మంత్రినే హెచ్8లో బలి ఇచ్చాడు. దాన్ని తీసుకుంటే రాజు హెచ్8కు రావాలి. అప్పుడు ఎఫ్7లో పడే గుర్రం రాజుకు చెక్ చెబుతూ జి5లోని మంత్రిపైనా దాడి చేస్తుంది. అది గ్రహించిన బోరిస్ స్పాస్కీ వెంటనే ఓటమి ఒప్పుకున్నాడు.

ఫోర్క్ పడితే?

ముందుగా దాడి చేసిన పావును కొట్టగలమా చూడాలి. కుదరకపోతే, రాజుకు చెక్ లేనప్పుడు, రెండింటిలో ఒక పావును ఎదుటివారికి చెక్ చెప్పే గడికో, రెండోదానికి కాపలా కాసే గడికో జరపవచ్చు. అన్నింటికన్నా మేలు, ప్రత్యర్థి గుర్రం దగ్గరికి వచ్చినప్పుడల్లా మన రాజు, మంత్రి, ఏనుగులు దాని రంగు గడుల్లో ఉన్నాయేమో ఒకసారి చూసుకోవడం.