మా పెరటి మందారం

మా అమ్మాయి ఏడో తరగతి చదువుతోంది. ఆ మధ్య ఒక ఆదివారం పొద్దున్న సైన్సు రికార్డులో మందారపువ్వు బొమ్మ వేస్తూ కూర్చున్నది. ఎదురుగా పక్కింటివాళ్ళ అమ్మాయి పాత రికార్డు తెరిచి ఉన్నది. కిటికీ బయట, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, ఒంటిరెక్క మందారం చెట్టునిండా పూసి ఉన్నది. దానికేసి ఒక్కసారైనా తలెత్తి చూడలేదు.

"అదేమిటే, పువ్వు అక్కడుంటే రికార్డు చూసి వేస్తావేం?" అన్నాను.

"దాంట్లో భాగాలన్నీ కనబడవు నాన్నా" అన్నది.

నవ్వొచ్చింది. కాని నవ్వే హక్కు నాకెక్కడిది? ఇరవయ్యేళ్ళుగా కాలేజీలో ప్రబంధాల వనవర్ణనలు పాఠం చెబుతున్నాను. పొగడ, పొన్న, మొల్ల, మొగలి అంటూ పిల్లలు పరీక్షల్లో వరుస తప్పకుండా రాస్తారు, నేను మార్కులు వేస్తాను. నిజం చెప్పొద్దూ, వాటిలో సగం ఎదురుపడితే నేనే పోల్చుకోలేను.

కొన్నేళ్ళ క్రితం ఏదో సాహిత్య సదస్సుకని శాంతినికేతన్ వెళ్ళాను. విరామంలో కళాభవన్ వైపు నడిస్తే ఒక కుర్రవాడు చెట్టుకెదురుగా కూర్చుని బొమ్మ వేస్తున్నాడు. గంట పోయాక తిరిగి వస్తే అతని కాగితం మీద ఒక్క కొమ్మే ఉన్నది. కాని ఆకులు రాలినచోట మిగిలిన మచ్చలు కూడా ఉన్నాయి ఆ కొమ్మమీద! సదస్సులో విన్న ఉపన్యాసాలు మరిచిపోయాను గాని, ఆ కొమ్మ మరపు రాలేదు.

అక్కడ అది పాత అలవాటే. 1919లో వెలసిన కళాభవన్‌ను ఆ తరువాత దాదాపు మూడు దశాబ్దాలు నడిపినవారు నందలాల్ బోసు. మన కొండపల్లి శేషగిరిరావుగారు కూడా ఆయన దగ్గర నేర్చుకున్నవారే. నందలాల్ పాఠంలో చెట్టూ చేమా పెద్ద భాగం. 1940లో అక్కడ విద్యార్థిగా చేరిన సత్యజిత్ రాయ్ తరువాత ఒక ముచ్చట చెప్పారు. చెట్టును పైనుంచి కిందికి గీయకూడదట. చెట్టు కిందనుంచి పైకి పెరుగుతుంది గనక గీత కూడా మొదలునుంచే పైకి పోవాలని గురువుగారు చెప్పారట.

ఈ కథంతా చెప్పేసరికి మా అమ్మాయికి హుషారొచ్చింది. పీట పట్టుకెళ్ళి పెరట్లో వేసుకున్నది. సాయంత్రమయ్యేసరికి మందారం ముడుచుకుపోతుంది, రేపు పూసేది వేరే పువ్వు. కాబట్టి తొందర. ముందు కాడ వేసింది. తరువాత అరగంటకోసారి ఇంట్లోకి పరుగెత్తుకొచ్చి కొత్త కబురు చెప్పటం మొదలుపెట్టింది. అయిదు రేకులూ విడివిడిగా పరిచినట్టు ఉండవట. ప్రతి రేకూ ఒక అంచు పక్కదాని మీద వేసి, రెండో అంచు ఇవతలదాని కింద దాచుకుంటుందట. పువ్వు అడుగున ఆకుపచ్చని గిన్నె ఉందా, దాని కింద సన్నటి చిట్టి ఆకులు మరో వరుస ఉన్నాయట. "రికార్డులో ఇవి లేనే లేవు నాన్నా!" ఒక రేకుకు పురుగు చిల్లు పెట్టింది. ఆ చిల్లూ వేసింది. కొసన ఎర్రటి బొడిపెలు, అవే కీలాగ్రాలు, అయిదుండాలి. తను కూర్చున్నచోటికి నాలుగే కనబడ్డాయి. నాలుగే వేసింది.

బడినుంచి రికార్డు ఎర్రసిరాతో తిరిగొచ్చింది. "కీలాగ్రాలు అయిదు. మళ్ళీ వేయాలి."

"అయిదని నాకూ తెలుసు నాన్నా. కనబడ్డవి నాలుగేగా" అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నది.

టీచరుగారిని తప్పు పట్టలేను. శాస్త్రం బొమ్మ మందారాలన్నిటికీ చెల్లాలి. మా అమ్మాయిది ఆ ఆదివారం పూసిన ఒక్క పువ్వు బొమ్మ. ఈ తేడా పిల్లకు విడమరిచి చెప్పవలసినవాణ్ణి నేను. ఏం చెప్పానో తెలుసా? "మార్కుల సంగతి కదమ్మా, ఆ పాత రికార్డు చూసి వేసెయ్యి" అన్నాను. పది నిమిషాల్లో వేసేసింది. మంచి మార్కులే వచ్చాయి. నాకు మాత్రం రెండు రోజులు అన్నం సయించలేదు.

చిల్లురేకు బొమ్మను మా ఆవిడ జాగ్రత్తగా విడదీసి బీరువా తలుపుకు లోపలివైపు అంటించింది.

మొన్న ఆదివారం అమ్మాయి నన్ను చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయింది. నువ్వూ వెయ్యాల్సిందేనని పెన్సిలు చేతికిచ్చింది. నేను గుండ్రంగా పువ్వు చుట్టాను.

"అప్పుడే పువ్వా? కాడ ఏదీ?" అన్నది.

చెరిపేసి, కిందనుంచి మొదలుపెట్టాను.