స్టిక్కర్ ఉన్నంత మాత్రాన దారి మనదైపోదు

"స్టేటులో రిజిస్ట్రేషన్ అయిపోయింది, స్టిక్కర్ వచ్చేసింది, ఇక మంచు ఉన్నచోటల్లా తిరగొచ్చు." అమెరికాలో పాత స్నోక్యాట్లు (మంచు మీద ట్రాకులతో నడిచే పెద్ద బళ్లు) బాగుచేసుకుని చలికాలంలో ఒకచోట కలుసుకునేవాళ్ల మధ్య, నవంబరు వచ్చేసరికి ఈ మాట మళ్లీ మొదలవుతుంది. ఒకరంటారు, పదిమంది నమ్ముతారు. జనవరిలో ఆ పదిమందీ బళ్లను ట్రయిలర్ల మీదికెక్కించుకుని బయల్దేరతారు. ఆ ట్రైల్ ఎవరి భూమి మీదుగా పోతోందో, దారి ఇచ్చినవాళ్లు ఏ బళ్లకని ఇచ్చారో ఎవరూ అడిగి ఉండరు. అదృష్టం బాగుంటే రేంజరు ట్రైల్ మొదట్లోనే ఆపి వెనక్కి పంపేస్తాడు. అసలు నష్టం అలా ఆపేవాళ్లు లేనప్పుడే జరుగుతుంది. తన చేలోంచి దారి ఇచ్చిన రైతు మరుసటి ఏడు ఇవ్వనంటాడు. ఇరవై మైళ్ల ట్రైల్ మధ్యలో అర మైలు తెగితే చాలు, మిగతాదంతా ఎటూ చేరని దారి అయిపోతుంది. స్నోక్యాట్‌తో ఏ సంబంధమూ లేని స్నోమొబైల్ కుటుంబాలు కూడా ఆ దారి పోగొట్టుకుంటాయి.

రిజిస్ట్రేషన్ అంటే రాష్ట్రం ఆ బండిని తన లెక్కల్లో రాసుకోవడం. అది ఎవరిదో తెలుస్తుంది. మనం కట్టిన రుసుములో కొంత చాలా రాష్ట్రాల్లో ట్రైళ్ల గ్రూమింగుకి, అంటే మంచు చదును చేయడానికి వెళ్తుంది. అక్కడితో దాని పని సరి. ఎక్కడ నడపొచ్చో చెప్పే అధికారం భూమి ఎవరిదైతే వాళ్లది. ట్రాక్టరుకి ఆర్సీ ఉందని పక్కవాడి చేలోంచి తోలుకుపోతే మన ఊళ్లో ఊరుకుంటారా? మంచు కప్పేసినంత మాత్రాన గట్లు చెరిగిపోవు.

పైగా ఆ స్టిక్కర్ స్నోక్యాట్‌కి అసలు వస్తుందా రాదా అన్నదే రాష్ట్రానికో తీరుగా ఉంటుంది. వాషింగ్టన్, మిన్నెసోటా చట్టాల్లో స్నోమొబైల్ అంటే స్కీలతో గానీ స్లెడ్జి బద్దల్లాంటి వాటితో గానీ తిరిగే బండి. యూటా చట్టంలో స్కీలు లేకపోయినా సరే, బెల్టుల మీద, అంటే ట్రాకుల మీద నడిచేదైతే చాలు. ఇప్పుడు మీటింగుకి వచ్చే బళ్లను చూడండి. క్యూబెక్‌లోని వాల్‌కోర్‌లో జోసెఫ్-అర్మాండ్ బాంబార్డియర్ తయారుచేసిన బి12కి ముందు స్కీలుంటాయి. యూటాలోని లోగన్‌లో తయారైన థయోకోల్ స్ప్రైట్‌కి రెండు ట్రాకులు తప్ప స్కీలుండవు. ఓరెగాన్‌లోని మెడ్‌ఫర్డ్ నుంచి వచ్చే టక్కర్ స్నో-క్యాట్‌కి నాలుగు ట్రాకులు, పాత మోడళ్లు కొన్నింటికి మాత్రం ముందు స్కీలే. పక్కపక్కనే నిలబెట్టిన మూడు బళ్లూ ఒకే రాష్ట్రంలో ఒకే నిర్వచనం కిందికి రావాలని ఏమీ లేదు. స్నేహితుడికి స్టిక్కర్ ఇచ్చారు కాబట్టి నాకూ ఇస్తారనుకోవడం, పక్క రాష్ట్రంలో చెల్లింది కాబట్టి ఇక్కడా చెల్లుతుందనుకోవడం రెండూ పొరపాటే. ఏ రాష్ట్రంలో కలుస్తున్నారో ఆ రాష్ట్రం నిర్వచనం తెరిచి చదవాలి. అది సాధారణంగా పొడుగ్గా ఉండదు.

నిర్వచనం చదివినవాళ్లలో కొందరు దాన్నే తలకిందులు చేస్తారు: "నా బండి స్నోమొబైలే కాదు కాబట్టి స్నోమొబైల్ నియమాలేవీ నాకు వర్తించవు." ఇది మొదటిదానికన్నా ప్రమాదకరమైన మాట, ఎందుకంటే వినడానికి తర్కంలా ఉంటుంది. ఫెడరల్ అడవుల్లో అడుగుపెట్టగానే ఆ తర్కం చెల్లదు. ఫారెస్ట్ సర్వీస్ 2015లో తెచ్చిన నియమం స్నోమొబైల్ గురించి మాట్లాడదు. మంచు మీద నడవడానికి తయారై, ట్రాకుల మీద గానీ స్కీల మీద గానీ నడిచే మోటారు బండి ఏదైనా దాని లెక్కలో ఓవర్-స్నో వెహికలే. స్నోక్యాట్‌కి ఇందులోంచి తప్పించుకునే సందు లేదు. ఆ నియమం ప్రకారం మ్యాపు విడుదల చేసిన అడవుల్లో, మ్యాపు మీద తెరిచి ఉన్నట్టు చూపిన చోట్లలో, దారుల్లో మాత్రమే నడపాలి. 'మూసివేయబడింది' అన్న బోర్డు కనబడలేదు కాబట్టి తెరిచే ఉందని వాదించి లాభం లేదు. చూసుకోవాల్సింది మ్యాపు.

ఇక 1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం కింద ప్రకటించిన ప్రాంతాల్లో మోటారు బండికి చోటే లేదు, అడుగున్నర మంచు పడినా ఆరడుగులు పడినా. సరిహద్దు దగ్గర కంచె ఉండదు, ఒక్కోసారి మంచులో బోర్డు కూడా కూరుకుపోయి ఉంటుంది. జీపీఎస్‌లో ఆ గీత ముందే వేసుకుని వెళ్లాల్సిన బాధ్యత నడిపేవాడిదే. యెల్లోస్టోన్ గురించి కూడా ఒక మాట చాలామంది ఆశగా అడుగుతారు. అక్కడ 1955 నుంచి స్నోకోచ్‌లు (మంచు మీద ప్రయాణికుల్ని తిప్పే బళ్లు) తిరుగుతున్నాయి, బాంబార్డియర్లు దశాబ్దాలపాటు తిరిగాయి, కాబట్టి మన పాత బండినీ రానిస్తారని. రానివ్వరు. అక్కడ స్నోకోచ్ అంటే పార్కు అనుమతి ఉన్న కంపెనీ గైడుతో నడిపే బండి, అదీ పొగకీ చప్పుడుకీ పెట్టిన హద్దుల్లో ఉండాలి.

అన్నిటికన్నా సున్నితమైనది ప్రైవేటు భూమి. మిన్నెసోటా, విస్కాన్సిన్, వెర్మాంట్‌లలో స్నోమొబైల్ ట్రైళ్లు చాలామటుకు రైతుల పొలాల్లోంచి, సొంత అడవుల్లోంచి పోతాయి. ఆ అనుమతి తెచ్చింది స్థానిక క్లబ్బు. ప్రతి శరదృతువులో క్లబ్బు మనుషులు ఒక్కొక్క గడపా ఎక్కి, మాట్లాడి, గట్లు చూసి, గేట్లు తెరిపించి తెచ్చుకుంటారు. రైతు సరేనన్నది స్నోమొబైళ్లకి. మూడు టన్నుల బండికి సరేనన్నాడో లేదో అతన్నే అడగాలి. మంచు కింద అల్ఫాల్ఫా మొలకలున్నాయనో, ఫలానా చోట కాల్వ తూము పలచగా ఉందనో, పెద్ద బండి బరువు అది మొయ్యదనో అతనికి తెలుసు. రాష్ట్రం ఇచ్చిన స్టిక్కర్‌కి అవేవీ తెలియవు.

ఇక్కడ స్నోక్యాట్ వాళ్లు పట్టుబట్టి చెప్పే మాట ఒకటుంది: "మా బండి నేలని నొక్కదు, నడిచే మనిషికన్నా తేలిక." నాకు ఒప్పుకోవాలని లేదుగానీ, ఇందులో నిజముంది. వెడల్పాటి ట్రాకులు బరువుని ఎంతగా పంచేస్తాయంటే, చాలా స్నోక్యాట్ల ఒత్తిడి చదరపు అంగుళానికి ఒకటి రెండు పౌన్లు దాటదు. బూటు వేసుకుని నిలబడ్డ మనిషి అంతకన్నా గట్టిగానే నొక్కుతాడు. కాలిఫోర్నియాలోని లాసెన్, టాహో అడవులు మంచు బళ్లను ఒత్తిడిని బట్టి రెండు తరగతులు చేసి, చదరపు అంగుళానికి 1.5 పౌన్లలోపు ఉండే తేలిక తరగతిలో స్నోమొబైళ్ల పక్కనే స్నోక్యాట్లనూ చేర్చాయి. ట్రాకులు బిగించిన జీపులూ ట్రక్కులూ రెండో తరగతి. కాబట్టి స్నోక్యాట్ పేరు వింటేనే ట్రైల్ పాడైపోతుందని గోల చేసే స్నోమొబైల్ క్లబ్బుల మాట కూడా అతిశయోక్తే.

కానీ ఆ లెక్క తిన్నగా, నెమ్మదిగా పోయే బండికి. స్కీలు లేని రెండు ట్రాకుల బండి వంపు తిరిగేటప్పుడు లోపలి వైపు ట్రాకు నెమ్మదించి, బయటి ట్రాకు ఇనప పట్టీలతో మంచుని కోసుకుంటూ తిరుగుతుంది. గ్రూమ్ చేసిన ట్రైల్‌ని దగ్గరగా చూసినవాళ్లకి ఈ తేడా తెలుస్తుంది. రాత్రి గ్రూమర్ బండి మంచుని చదునుచేసే డ్రాగ్‌ని లాక్కుంటూ పోయాక మంచు దువ్విన జుట్టులా సన్నటి గీతలతో మిగులుతుంది. చలికి కొన్ని గంటలు కదపకుండా వదిలేస్తే మంచు రేణువులు ఒకదానికొకటి అతుక్కుని బిగుస్తాయి. తెల్లవారాక మడమతో గట్టిగా తన్నినా దిగదు. ఆ గంటలు గడవకముందే ఎవరైనా నడిపితే మంచు పిండిలా విడిపోయి గాడి పడుతుంది, ఆ గాడి అలాగే గడ్డకట్టి మర్నాడు స్నోమొబైల్ స్కీని పక్కకి లాగేస్తుంది. మధ్యాహ్నం ఎండకి మంచు మెత్తబడ్డప్పుడూ అంతే. నష్టం చేసేది బండి బరువు కన్నా వెళ్లిన వేళ, తిప్పిన తీరు.

మీటింగు పెట్టేవాళ్లలో ఇంకో గట్టి నమ్మకం: "మేం లాభానికి చేయట్లేదు, తలా కొంత వేసుకుంటున్నాం, పర్మిట్ ఎందుకు?" ఫారెస్ట్ సర్వీస్ నియమం ఈ విషయంలో డొంకతిరుగుడుగా ఏమీ లేదు. ప్రవేశానికి గానీ పాల్గొనడానికి గానీ రుసుము తీసుకుంటే అది వాణిజ్య వినియోగమే, లాభం ఉద్దేశమా కాదా అన్నదాంతో నిమిత్తం లేదు. టీ-షర్టు, భోజనం కలిపి 'రిజిస్ట్రేషన్ ఫీజు' అని పేరుపెట్టి వసూలు చేసినా, అది ఇస్తేనే రానిస్తామంటే అదే లెక్క. రుసుము లేకపోయినా, పాల్గొనేవాళ్లూ చూడ్డానికి వచ్చేవాళ్లూ కలిసి 75 మంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే గ్రూప్ పర్మిట్ కావాలి. దానికి డబ్బు కట్టక్కర్లేదు, కనీసం 72 గంటల ముందు దరఖాస్తు ఇవ్వాలి. ఉచితంగా ఇచ్చే కాగితాన్ని అడగడానికి బద్ధకించి మొత్తం కార్యక్రమాన్ని పణంగా పెట్టడం చూస్తే నిజంగా బాధేస్తుంది. ఇది స్నోక్యాట్లకే పరిమితం కాదు. సియాటిల్ నుంచో డెన్వర్ నుంచో సంక్రాంతి దగ్గర్లో వచ్చే లాంగ్ వీకెండ్‌కి పిల్లాపాపలతో వందమంది తెలుగువాళ్లు ఫారెస్ట్ భూమిలో మంచాటకి కలుసుకున్నా ఇదే 75 లెక్క వర్తిస్తుంది.

మిగిలినవి చిన్నవి. పాతబండి కాబట్టి మినహాయింపు ఉంటుందన్నది రాష్ట్రం కాగితం మీద చూపిస్తే తప్ప నమ్మొద్దు. ట్రయిలర్ మీదికెక్కించి తాళ్లు కడితే చాలదు, హైవే మీద 8 అడుగుల 6 అంగుళాల వెడల్పు దాటితే అదనపు వెడల్పు పర్మిట్ కావాలి, కాబట్టి ఇంటిదగ్గరే ట్రాకుల చివర్ల నుంచి కొలవండి. ట్రాకులు బరువుని పంచుతాయి కాబట్టి గడ్డకట్టిన చెరువు మీద భయం లేదన్నది ప్రాణాలు తీసే మాట. ట్రాకులు నొక్కుడు తగ్గిస్తాయి గానీ మొత్తం బరువు మొయ్యాల్సింది ఆ మంచు పలకే. అన్వేషకుడు వివియన్ ఫుక్స్ బృందం 1957-58లో అంటార్కిటికా దాటినప్పుడు, పైకి గట్టిగా కనబడిన మంచు వంతెనలు కూలి వాళ్ల టక్కర్లు అగాధాల అంచున వేలాడాయి.

మీటింగు పెట్టాలని ఉన్నవాళ్లు పని సెప్టెంబరులో మొదలుపెట్టాలి. ముందు మ్యాపు మీద దారి గీసి, ఏ ముక్క ఎవరిదో రాసుకోండి: ఫారెస్ట్, రాష్ట్రం, కౌంటీ, ప్రైవేటు. ఒక్కొక్కరిని విడివిడిగా అడగండి. రేంజర్ ఆఫీసుకి ఫోన్ చేస్తే 'స్నోక్యాట్' అని వదిలెయ్యకండి. బండి వెడల్పు, బరువు, ట్రాకు పట్టీలు ఇనపవా రబ్బరువా, ఎన్ని బళ్లు, ఎంతమంది మనుషులు, అన్నీ చెప్పండి. జవాబు ఈమెయిల్‌లో తీసుకుని ప్రింటు తీసి ప్రతి బండిలో పెట్టండి, అక్కడ ఫోన్ సిగ్నల్ ఉండదు. రుసుము వసూలు చేసే కార్యక్రమమైతే పర్మిట్‌కి బాధ్యతా బీమా అడగొచ్చు, పాత బళ్లకి అది రాసే కంపెనీ దొరకడానికి వారాలు పట్టొచ్చు.

స్థానిక క్లబ్బుని ప్రత్యర్థిగా చూడొద్దు. గ్రూమర్ నడిపే మనిషిని కలిసి, ఏ రాత్రి ఏ దారి చేస్తాడో అడిగి, అది బిగిసేదాకా దాని మీదికి బళ్లు తేబోమని మాటివ్వండి. వీలైతే అతన్నే ముందు బండిలో కూర్చోబెట్టుకోండి, ఏ తూము బలహీనమో, ఏ మలుపులో ఎదుటి బండి కనబడదో అతనికన్నా ఎరిగినవాళ్లుండరు. ట్రైల్‌లో ఏడెనిమిది అడుగుల బండి పోతుంటే ఎదురొచ్చే స్నోమొబైల్‌కి మిగిలే చోటు తక్కువ, కాబట్టి గుడ్డి మలుపుల దగ్గర ముందుగా ఒకరిని నిలబెట్టండి. ట్రైల్ దొరకనే లేదంటే ఒకే యజమాని ఉన్న పెద్ద రాంచి గానీ, సీజను ముగిసిన, సొంత భూమిలో ఉన్న స్కీ రిసార్టు గానీ వెతకండి. ఒక్కరి సంతకంతో పనైపోతుంది.

పార్కింగు లెక్క మర్చిపోకండి. ఇరవై స్నోక్యాట్లంటే ఇరవై పొడవాటి ట్రయిలర్లు, అవి స్నో-పార్కుని (మంచు ట్రైళ్ల దగ్గరి పార్కింగు స్థలాన్ని) నింపేస్తే ఆ ఊరి పిల్లలు స్లెడ్జీలతో వచ్చి వెనక్కి పోతారు. కింద నూనె కారే బండికి రేకు పళ్లెం పెట్టండి. ఆహ్వానంలోనే రాయండి: రాత్రి ఉష్ణోగ్రత గడ్డకట్టే స్థాయికి దిగకపోతే మర్నాడు ట్రైల్ మీదికి బండి దిగదని, మంచు 12 అంగుళాలు లేకపోతే దారి వదిలి పక్కకి ఎవరూ వెళ్లరని, ఆ నిర్ణయం ఎవరిదో పేరుతో సహా. పదిహేను వందల మైళ్లు బండి లాక్కొచ్చినవాడు ఆ ఉదయం వాదిస్తాడు. అతనికి బయల్దేరకముందే తెలిసి ఉండాలి.